సరంగుకి ఉప్పు పడదు

దగ్గు మొదలైన రోజు అందరూ ముల్లన్నారు. ఎండుచేపలమ్మే జగ్గమ్మ ఇంట్లో కుక్క దగ్గితే ఏక్‌బాల్‌పూర్‌లోని ఆ తెలుగు సందులో ఇంకేమనుకుంటారు? జగ్గమ్మ మొగుడు బైరాగి కుక్క నోరు పెగల్చి మణికట్టు దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ముల్లు లేదు. జగ్గమ్మ వట్టి అన్నం ముద్దలు చేసి మింగించింది. దగ్గు పోలేదు. మందుల షాపువాడు కుక్క మొహం చూడకుండానే దగ్గు సిరప్ ఇచ్చాడు. అదయ్యాక ఇంకో సీసా ఇచ్చాడు. మనుషులకే అలా ఇచ్చే షాపు అది, కుక్కని చూడమని ఎవరడుగుతారు? అలా నెలన్నర తగలేశారు.

కుక్క పేరు సరంగు. పదకొండేళ్ళ కిందట ఓడరేవు డాక్ గేటు దగ్గర వాననీళ్ళలో కొట్టుకుపోతుంటే బైరాగి తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉండేది. కాస్త ఎదిగాక జగ్గమ్మ తోపుడుబండి ముందు కొసనెక్కి, లాంచీ నడిపే సరంగులా ఛాతీ విరుచుకుని దారి చూసేది. ఆ పేరే ఖాయమైంది. సందులో దాన్ని ఎవరూ 'అది' అనరు, వాడు అంటారు. మోమిన్‌పూర్ బజారులో జగ్గమ్మని 'శుట్కి మాషీ' అని పిలిచే బెంగాలీ ఆడవాళ్ళు, చేపలు బేరమాడే ముందు వాడి తల నిమిరేవాళ్ళు. శుట్కి అంటే వాళ్ళ మాటలో ఎండుచేపే.

ఇప్పుడు వాడు బండి వెనక పదడుగులేసి ఆగిపోతున్నాడు. పడుకుంటే దగ్గు, లేస్తే ఆయాసం. మెడ ముందుకి చాచి, ముందుకాళ్ళు రెండూ ఎడంగా పెట్టి కూర్చుని గాలి కోసం వెతుక్కుంటున్నాడు.

బేహాలాలో కాపురముంటున్న కూతురు రమాకుమారి ఫోనులో ఆ కూర్చున్న తీరు చూసింది. "అమ్మా, అది ముల్లు కాదే. ఆలీపూర్ అవతల కుక్కల ఆస్పత్రుంది. తెలుగు డాక్టరున్నాడంట. రేపే తీసుకెళ్ళండి" అంది.

డాక్టరు పేరు ధనుంజయ్. సిద్దిపేట వైపు కుర్రాడు, ముప్ఫై దాటి ఉండవు. సరంగుని బల్ల మీద నిలబెట్టి ఛాతీకి స్టెతస్కోపు ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత ఎక్స్‌రే ఫొటో తీయించాడు. ఫొటోలో గుండె ఉండాల్సినదానికన్నా పెద్దదై ఊపిరిగొట్టాన్ని పైకి నెడుతోంది. ఊపిరితిత్తుల మీద తెల్లగా మబ్బు.

"ఎన్ని దినాల సంది దగ్గుతున్నడు?"

"నెలన్నరయ్యింది బాబూ. ముల్లనుకున్నాం."

"ముల్లు కాదు పెద్దమ్మా. గుండె జబ్బు."

బైరాగి నవ్వాడు. భయపడితే నవ్వే మనిషి అతను. "కుక్కకి గుండె జబ్బేటి బాబూ? ఆడికేటి సింత? మూడు పూటలా తింటన్నాడు, తొంగుంటన్నాడు."

"చింతతోని వచ్చేది కాదు పెద్దాయనా. ముసలితనంల గుండెలోని వాల్వు మందమైతది, ముడుచుకుంటది. సరిగ మూసుకోదు. కుక్కలల్ల ఇదే ఎక్కువ. పిల్లులకైతే గుండె కండ బిరుసైతది. అవి దగ్గను గూడ దగ్గవు, చివరి దాకా దాచిపెడ్తయి. వీడు నయం, దగ్గి చెప్పిండు." డాక్టరు స్టెతస్కోపు తీసి బైరాగి చెవులకి తగిలించాడు. "ఇనండి."

అరవై నాలుగేళ్ళు బతికిన బైరాగి గుండె చప్పుడు వినడం అదే మొదటిసారి. ముప్ఫై మూడేళ్ళు ఓడల్లో బస్తాలు మోసినవాడి ఛాతీ మీద ఏ డాక్టరూ ఆ గొట్టం పెట్టలేదు. ఇప్పుడు విన్నది కుక్కది. దబ్ అన్న ప్రతిసారీ వెనకాలే 'ష్' అని ఏదో జారుతోంది.

"ఒలే జగ్గీ, ఫుట్‌వాల్వే ఇది!" అన్నాడు గట్టిగా. "ఓడ అడుగునించి నీల్లు తోడే పంపుకుంటాది గదా. వాసరు అరిగిపోతే తోడిన నీల్లు మళ్ళీ ఎనక్కే దిగిపోతాయి. పంపు ఎంత కొట్టుకున్నా నీల్లు పైకి రావు."

డాక్టరు అతని వైపు తేరిపార చూశాడు. "సరిగ్గ అదే. ఇంత మంచిగ నేను గూడ చెప్పలే ఎవరికీ. ఆ వెనక్కి దిగిన నీళ్ళే ఊపిరితిత్తులల్ల చేరినయి."

"వాసరు మార్చీడం కుదరదా మరి?"

"ఇక్కడ కుదరదు. మాత్రలతోని నడిపిద్దాం. ఒకటి గుండెకి బలం, ఒకటి నీళ్ళు దించేది. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. బాగ మూత్రం పోస్తడు, భయపడొద్దు, తాగే నీళ్ళు మాత్రం ఆపొద్దు. ఇంకొకటి. ఉప్పు బంద్."

జగ్గమ్మ తన రెండు చేతుల వైపూ చూసుకుంది. "మా యింట్లో ఉన్నదే ఎండుసేపలు బాబూ. పదకొండేళ్ళు ఆడికి అయ్యే పెట్టినాను. నా సేతుల్తో నానే..."

"చేపలతోని వాల్వు పాడు గాలే పెద్దమ్మా. అది వయసు. కానీ పాడైనంక ఉప్పు విషమే. ఇగ పెట్టకు. ఇంకో పని చెప్తా." జగ్గమ్మ ఫోనులో ఒక నిమిషం గంట పెట్టి చూపించాడు. "వీడు మంచిగ నిద్రపోయినప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేస్తదో లెక్కపెట్టు. ముప్ఫై లోపల ఉంటే బేఫికర్. ముప్ఫై దాటుకుంట పోతున్నదంటే లోపల నీళ్ళు చేరుతున్నట్టు. నలభై అంటే ఇగ ఆలోచించకు, తీసుకొని రా."

జగ్గమ్మకి అక్షరాలు రావు. అంకెలు వచ్చు, తక్కెడ నేర్పింది. ఆ రోజు నుంచి ఆమె ఆ ఇంటికి డాక్టరైంది. చేపల బుట్టలన్నీ ఆడపడుచు ఇంటికి చేర్చింది. నేల సబ్బుతో మూడుసార్లు కడిగింది. సరంగుకి ఉప్పు లేని అన్నం, ఉప్పు లేని కోడిమాంసం. బజారు నుంచి రాగానే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటే గానీ వాణ్ణి ముట్టుకునేది కాదు. మధ్యాహ్నం వాడు నిద్రపోగానే పక్కన కూర్చుని, ఫోను నొక్కి, పొట్ట మీద చూపు నిలిపి లెక్కపెట్టేది. వచ్చిన అంకెని పచ్చరంగు తలుపు మీద సుద్దముక్కతో వేసేది. మొదటి వారంలో ముప్ఫై నాలుగు, ముప్ఫై, ఇరవై ఎనిమిది. దగ్గు తగ్గింది. సరంగు బండి దాకా వచ్చి తోకూపాడు.

రెండో వారం అంకెలు మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాయి. ముప్ఫై ఒకటి. ముప్ఫై మూడు. ముప్ఫై ఆరు.

డాక్టరు నీళ్ళ మాత్ర పెంచాడు. సరంగు గంటకోసారి గడప దాటి మూత్రం పోసి, కాళ్ళు వణుకుతూ లోపలికొచ్చేవాడు. వెనక ఎముకలు పైకి తేలాయి. ఇంకో వారానికి డాక్టరు మాత్ర మళ్ళీ పెంచాడు.

"ఇంట్లో ఉప్పు ఏమన్న పోతున్నదా పెద్దమ్మా?"

జగ్గమ్మకి రోషం వచ్చింది. "ఉప్పు డబ్బా అటకెక్కించీసినాను బాబూ! మేం కూడా సప్పిడి కూడే తింటన్నాం. మా మావ తన గంజిలోకి సిటికెడు దాసుకుంటాడు, అంతే. నీ మాత్రలే పని సెయ్యట్లేదేమో సూసుకో."

డాక్టరు చేతిలో కాగితం తిరగేసి మళ్ళీ చదువుకున్నాడు.

తప్పు ఎక్కడుందో డాక్టరు చదువుకి అందలేదు. తలుపు మీద సుద్దగీతలకి అందింది.

సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్సులో ఉండే మేనల్లుడు ఢిల్లీశ్వరరావు కాలు విరగ్గొట్టుకుంటే, సాయానికి బైరాగి వెళ్ళి ఆరు రోజులున్నాడు. ఆ ఆరు రోజులూ జగ్గమ్మ రోజూలాగే లెక్కపెట్టింది. ముప్ఫై ఆరు ముప్ఫై మూడైంది. తర్వాత ముప్ఫై. ఐదో రోజు ఇరవై ఏడు. ఆరో రోజు ఇరవై ఐదు. ఆమె సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మందు అదే. తిండి అదే. ఇంట్లో లేనిది మావ ఒక్కడే.

బైరాగి తిరిగొచ్చాడు. మూడో రోజుకి ముప్ఫై ఒకటి. ఐదో రోజుకి ముప్ఫై ఏడు.

ఆరో రోజు పొద్దున జగ్గమ్మ బండి తోసుకుంటూ బజారుకి బయల్దేరింది. సందు మలుపు దాకా వెళ్ళి, బండిని టీ కొట్టువాడికి అప్పజెప్పి వెనక్కి వచ్చింది. చప్పుడు కాకుండా తలుపు తోసింది.

బైరాగి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో సరంగు తల. ఎడమచేతిలో సత్తు గిన్నె. కుడిచెయ్యి దోసిలిలా వంచి అందులో గంజి పోస్తున్నాడు. వాడు నాకుతున్నాడు. పక్కనే కాగితం పొట్లంలో రాతి ఉప్పు.

"ఏటి సేత్తన్నావు మావా?"

బైరాగి గిన్నె కింద పెట్టలేదు. పట్టుబడ్డవాడిలా కూడా చూడలేదు. "నీరసంగున్నాడే. నిలబడలేకపోతన్నాడు. రొండు గుక్కలు పోత్తన్నాను."

"ఉప్పేసినావా?"

"ఉప్పెయ్యకుండా గంజేటి?"

"డాక్టరుబాబు ఏటి సెప్పినాడు? నీ సెవులు డాక్‌లో వొదిలీసినావా?"

"కూట్లో ఉప్పొద్దన్నాడు. కూట్లో ఎయ్యలేదు నాను. ఇది కూడు కాదు, మందు!" బైరాగి గొంతు లేచింది. "నీకేటి తెలుసే? ఆడి ఒంట్లో నీరంతా లాగీసి బయట పోసేస్తన్నారు. ఒంట్లో నీరు పోతే కాళ్ళు ఇలాగే కొంకర్లు పోతాయి. నానెరుగుదును. ఓడ హోల్డులోకి దిగినోడికి తెలుస్తాది, బజార్లో సేపలమ్మేదానికి ఏటి తెలుస్తాది?"

జగ్గమ్మ మామూలుగా అయితే ఆ మాటకి గిన్నె ఎత్తి విసిరేది. ఇప్పుడు విసరలేదు. అతని గడ్డం వణుకుతోంది.

"నీలకంఠం గాడికి ఇవ్వలేదు గదే" అన్నాడు.

నీలకంఠం పేరు ఆ ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎవరూ ఎత్తలేదు. బైరాగి ఊరివాడు, జట్టువాడు. మే నెలలో ఎరువుల ఓడ. ఓడ అడుగున సరుకు నింపే హోల్డులో గాలి లేదు, పైన ఇనుము కాలుతోంది. ఆ పని చేసేవాళ్ళు పొద్దున్నే ఉప్పు గంజి డబ్బాలతో దిగేవాళ్ళు. గంటకోసారి ఒక గుక్క. అది ఏ కంట్రాక్టరూ ఇచ్చిన మందు కాదు, కూలీలు చచ్చి నేర్చుకున్న మందు. ఆ రోజు నీలకంఠం డబ్బా మరిచిపోయి వచ్చాడు. కాళ్ళు లాగేస్తున్నాయని పదింటికి చెప్పాడు. బైరాగి డబ్బాలో సగం గంజి ఉంది. భోజనాల వేళ ఇద్దరం పంచుకుందామన్నాడు. పదకొండున్నరకి నీలకంఠం బస్తా కింద పడి మళ్ళీ లేవలేదు. కంట్రాక్టరు కాగితంలో 'గుండెపోటు' అని రాశాడు. అంత సులువు. ఎండకి చంపి గుండె మీదకి తోసేస్తే పైసా ఇవ్వక్కర్లేదు.

"అడగ్గానే ఇచ్చీవలిసింది" అన్నాడు బైరాగి. "తరవాత ఇద్దామనుకున్నాను. అప్పట్నుంచి ఎవుడి కాళ్ళు వొణికినా నానాగలేను జగ్గీ. ఈడి కాళ్ళు వొణుకుతుంటే నా సేతిలో గంజుంచుకుని సూత్తా కూకోమంటావేటి?"

జగ్గమ్మ అతని ముందు చతికిలబడింది. తలుపు వైపు చెయ్యి చూపించింది.

"అటు సూడు. నువ్వు సంత్రాగాఛిలో ఉన్న ఆరు రోజులు. ఇరవై అయిదుకి దిగీసినాడు. నువ్వొచ్చినాక ముప్పై ఏడు. నానేసినాను ఆ అంకెలు. దొంగ అంకెలు కాదు."

బైరాగి చూశాడు. అంకె అంకెకీ పెదాలు కదిపాడు. గిన్నె ఒరిగి గంజి అతని పంచె మీద పారుతున్నా గమనించలేదు.

అప్పుడే సరంగు ఒళ్ళోంచి లేచాడు. దగ్గాడు. ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి, నోరు తెరిచాడు. నాలుక అంచులు నీలంగా ఉన్నాయి. పొట్ట ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే జగ్గమ్మకి లెక్కపెట్టే అవసరం కనబడలేదు.

"టోటో పిలువు మావా! బేగీ!"

ఆ బ్యాటరీ రిక్షా ఆలీపూర్ దాకా వెళ్ళడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ బైరాగి సరంగుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి మూతి గాలికి ఎదురుగా ఉండేలా తన రెండు చేతుల్లో పట్టుకున్నాడు. జగ్గమ్మే డ్రైవరుని "దాదా, జల్దీ దాదా, ఎక్టూ జల్దీ" అంటూ పరిగెత్తించింది.

ఆస్పత్రిలో సరంగుని అద్దాల పెట్టెలాంటి దానిలో పెట్టి ఆక్సిజన్ వదిలారు. కాలి నరానికి సూది ఎక్కించారు. డాక్టరు ధనుంజయ్ అద్దం లోపలికి చూస్తూ, "ఏమైందమ్మా? నిన్నటి దాకా ఎంత?" అన్నాడు.

"ముప్పై ఏడు బాబూ." ఆ మాట అని జగ్గమ్మ ఆగింది. మొగుడి వైపు చూసింది. చెప్పాల్సింది తను కాదు.

"నానే బాబూ" అన్నాడు బైరాగి. "ఉప్పు గంజి పోసినాను. నెల్లాళ్ళ నుంచి. ఇది పాపం ఎండుసేపల బుట్టలు ఇల్లు దాటించీసింది, దీని ఎనకాల పోసినాను, ఇదేటీ ఎరగదు. నీరసం తగ్గుతాదని పోసినాను. మా హోల్డుల్లో మనుసులు దాంతోనే బతికినారు."

అక్కడున్న నర్సు అతని వైపు కోపంగా చూసింది. డాక్టరు చూడలేదు. స్టూలు లాక్కుని బైరాగి ముందు కూర్చున్నాడు.

"హోల్డుల ఎంత చెమట పడ్తది పెద్దాయనా?"

"ఎంతేటి బాబూ. పిండితే బక్కెట్టు. ఎండినాక ఒంటి మీద తెల్లటి సార."

"ఆ చారే ఉప్పు. చెమటతోని మీ ఒంట్లకెళ్ళి ఉప్పు బయటికి పోతున్నది. అందుకే గంజిల ఉప్పేసుకొని తాగిండ్రు. మీరు చేసింది కరెక్టే, ఏ డాక్టరైనా అదే చెప్తడు. గిప్పుడు చెప్పు, వీనికి చెమట పడ్తదా?"

బైరాగి నోరు తెరిచాడు. పదకొండు వేసవులు. సరంగు ఎండలో నాలుక వేలాడేసి రొప్పడం చూశాడు. నీడన పడుకోవడం చూశాడు. వాడి వీపు తడవడం? బైరాగి ఎంత వెతుక్కున్నా ఒక్కసారీ గుర్తు రాలేదు.

"పట్టదు" అన్నాడు మెల్లగా.

"పట్టది. పాదాల కింద ఇంత తడి, అంతే. మీకు లెక్క ఉప్పు బయటికి పోయే తొవ్వ వీనికి లేదు. నీళ్ళ మాత్రతోని నేను కొంచెం కొంచెం తీస్తున్న, మీరు మళ్ళ పోస్తున్నరు. ఆ ఉప్పు నీళ్ళను పట్టుకొని కూసుంటది. గుండె ఎనకకు వదిలిన నీళ్ళు ఇగ ఎక్కడికి పోవాలె?"

బైరాగి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటి వైపే చూస్తున్నాడు. "అయితే నానే సంపేసినానా?"

"ఇంకా సావలేదు గదా, గట్లంటవేంది? మీరు దాచి ఉంటే, నేను మాత్ర ఇంకా పెంచుదును. అప్పుడు కిడ్నీలు ఖరాబైతుండె. చెప్పిండ్రు, మంచిగైంది."

మధ్యాహ్నం మూడింటికి సరంగు నాలుక ఎర్రబడింది. నాలుగింటికి తల కాళ్ళ మీద పెట్టుకుని నిద్రపోయాడు. అన్ని వారాల్లో వాడు అలా ముడుచుకుని పడుకోవడం అదే మొదలు. అద్దం అవతల జగ్గమ్మ ఫోను తీయలేదు. బైరాగి అద్దానికి నుదురు ఆనించి తనే లెక్కపెట్టుకున్నాడు. కాసేపటికి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నలుగురిలో అతను ఆ పని చేయడం ఆమె ఎరగదు.

మూడు రోజులుంచి ఇంటికి పంపారు. పంపేటప్పుడు డాక్టరు దాచలేదు. "ఆరు నెలలు. మంచిగ చూసుకుంటే ఏడాది. అంతకన్న ఎక్కువ చెప్తే అబద్ధం."

"ఏడాదంటే ఆడికి ఎక్కువేలే బాబూ" అంది జగ్గమ్మ. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున ఆరింటికి జగ్గమ్మ మాత్రని కోడిమాంసం ముక్కలో దాచి పెట్టింది. సరంగు ముక్క తిని మాత్ర ఉమ్మేశాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఉమ్మి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆస్పత్రిలో మూడు రోజులు సూదులు తిన్నవాడు ఇంక ఎవరు నోటి దగ్గరికి చెయ్యి తెచ్చినా పళ్ళు బిగిస్తున్నాడు. దవడ తెరవబోతే గుర్రుమన్నాడు. పదకొండేళ్ళలో జగ్గమ్మ మీద వాడు గుర్రుమనలేదు. ఆమె లేచి, మాత్ర తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"నువ్వియ్యి."

"నానా?" బైరాగి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నా సేత్తో వొద్దే. ఈ సేత్తోనే గదా..."

"ఆ సేత్తోనే. నెల్లాళ్ళు నా కళ్ళు కప్పి తాగబోసినావు, ఆడు నీ దోసిట్లోంచి తప్ప ఎవుల దగ్గర్నించీ తీసుకోడిప్పుడు. నీకు నచ్చినా నచ్చకపోయినా అంతే. పట్టు."

బైరాగి చెయ్యి చాపాడు. బస్తాల కొక్కేలు పట్టి కాయలు కాసిన అరచెయ్యి. అందులో ఆ చిన్న మాత్ర. ముక్క లేదు, ముద్ద లేదు, దాపరికం లేదు. సరంగు గోడ వైపు నుంచి మొహం ఇటు తిప్పాడు. వాసన చూశాడు. అతని మొహంలోకి చూశాడు. నాలుకతో మాత్ర అందుకుని మింగాడు. తర్వాత ఆ అరచేతిని, ఏమీ లేని అరచేతిని, అంచు నుంచి అంచు దాకా నాకాడు.

బైరాగి చెయ్యి తీసుకోలేదు.

"ఇంక ఈ డూటీ నీదే" అంది జగ్గమ్మ. "పొద్దున ఆరింటికి, సందేల ఆరింటికి. ఒక్క నిమిసం లేటయినా నాను ఊరుకోను."

"ఎన్నాళ్ళే?"

"ఆడున్నన్నాళ్ళు."

"ఊఁ" అన్నాడు బైరాగి. సరంగు ఇంకా నాకుతూనే ఉన్నాడు.